చేతిసంచికి ఏడు కిలోలు



నేడు నేను తమకు మనవి చేయబూనిన విషయము వినుటకు మిక్కిలి చిన్నది. విమానమెక్కువారు తమ చేత బట్టుకొని పోదగిన సంచి యెంత బరువుండవలెను, ఎంత కొలత గలిగి యుండవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము. "ఇది వేదాంతమా, వ్యవసాయమా, వైద్యమా? పల్లెటూరి పెద్దలకు దీనితో నేమి పని?" అని కొందఱు నవ్వవచ్చును. అట్లు నవ్వినవారిలో నేనును ఒకప్పుడు ఒకడనే. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణముతోబాటు లెక్కలును జెప్పితిని. అట్టి నేను ఒకనాటి తెల్లవాఱుజామున శంషాబాదు విమానాశ్రయమున రెండు కిలోల తీసివేత లెక్క తెగక, పదుగురిలో తలవంచుకొని నిలువబడితిని. ఆ కథ విన్న పిమ్మట ఇది చిన్న విషయమో కాదో తామే నిర్ణయింతురు గాక.

మా చిన్ననాట విమానమనగా ఇంటి పెరటిలో నిలిచి తలయెత్తి చూచు వస్తువే కాని, ఎక్కు వస్తువు కాదు. 2003వ సంవత్సరమున కెప్టెను గోపీనాథుగారు ఎయిర్ దక్కను అను సంస్థను నడపనారంభించి, సామాన్యులకు అందుబాటైన ధరకు ఆకాశయానమును దెచ్చిరి. ఆ సంస్థ ఇప్పుడు లేదు. కాని 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో అదే మార్గమున బయలుదేఱినవి. నేడు గన్నవరము, మధురపూడి, రేణిగుంట, కడప, ఓర్వకల్లు మొదలగు చోట్లనుండియు విమానములు లేచుచున్నవి. బిడ్డలు బెంగుళూరునందో, దుబాయియందో ఉద్యోగములు చేయుచుండగా, వారిని జూచుటకును, కాశీ మొదలగు క్షేత్రములకును పోవలసిన ముదుసలులు విమానమెక్కుట వింత కాదు. కావున ఇది మనకు బని లేని మాట యని త్రోసివేయ వీలులేదు.

ఇక నా కథ. రెండేండ్ల క్రిందట మా యన్నగారు కాలధర్మము నొందిరి. వారికి మగసంతానము లేదు. కర్మయంతయు నాచేతనే జరిగినది. తమ యస్థికలు కాశిలో గంగ గలియవలెనని వారు పలుమాఱు చెప్పియుండిరి. రైలులో పోవుదమనుకొంటిని గాని, నా మోకాళ్లను దలచుకొని మా అల్లుడు తన ఫోనులోనే హైదరాబాదునుండి వారణాసికి విమానపు టిక్కెట్టు గొనెను. "మామగారూ, మిక్కిలి చౌకగా దొరికినది" అని సంతోషముతో జెప్పెను. ఆ చౌకకు గారణమేమో అతడు చెప్పలేదు, నేను అడుగలేదు.

మా మనుమడు చక్రములు గల పెట్టెయొకటి తెచ్చియిచ్చెను. అందు అస్థికలున్న రాగిచెంబును క్రొత్త గుడ్డలో జుట్టి పెట్టితిని. రెండు ధోవతుల చాపులు, ఉత్తరీయములు, ఒక ఉన్నిశాలువ, మా యన్నగారు నిత్యము పారాయణము చేసిన భాగవత సంపుటమొకటి చేర్చితిని. మా వదినగారు త్రోవకని గోంగూర పచ్చడి సీసా నిచ్చిరి. ఇదియే నా సంసారము.

విమానసంస్థవారి బల్లయొద్ద నున్న పడుచు నా పెట్టెను త్రాసుపై బెట్టుమనెను. అంకెలు వెలిగినవి, తొమ్మిది కిలోలు. "తాతగారూ, మీ టిక్కెట్టులో చేతిసంచికి ఏడు కిలోలే కలదు. క్రిందిగదికి అప్పగించు సామాను మీ టిక్కెట్టులో లేదు. రెండు కిలోలు తగ్గింపుడు; లేదా రుసుము చెల్లింపుడు" అనెను. నాకు గోపము వచ్చినది. "అమ్మాయీ, నేను అరువదికిలోల మనుష్యుడను. నా వెనుక నిలిచిన ఆ నాయన నూఱు కిలోలకు తగ్గడు. ఆయనకు లేని తూనిక నా పెట్టెకేల?" అంటిని. వరుసలో నున్నవారు నవ్విరి. ఆ నవ్వు నన్ను సమర్థించినదో, పరిహసించినదో నేటికిని నాకు దెలియదు.

పెట్టె విప్పక తప్పినది కాదు. మీదనే యున్నది రాగిచెంబు. దానిని నేలపై బెట్టరాదు. చేత బట్టుకొన్నచో మిగిలినవి తీయరాదు. ఒక చేత మా యన్నగారిని బట్టుకొని, రెండవ చేత ధోవతులు తడుముకొనుచు నిలిచితిని. నా కన్నులలో నీరు దిరిగినది. ఆ పడుచు చెంబును జూచి, నా మొగము జూచి, లేచి నిలువబడెను. తన బల్లపై నున్న కాగితములను ప్రక్కకు ద్రోసి, "ఇచ్చట బెట్టుడు తాతగారూ" అని మెల్లగా జెప్పెను. పిమ్మట, "శాలువ మీరు కప్పుకొన్నచో అది లెక్కకు రాదు. చదువుకొను పుస్తకము చేత బట్టుకొనవచ్చును" అని ఉపాయము జెప్పెను. శాలువ కప్పుకొంటిని. భాగవతము చంకనిడుకొంటిని. పెట్టె మరల త్రాసెక్కెను, ఏడు కిలోలు. అస్థికల విషయమున మరణ ధ్రువపత్రమును, దహన ధ్రువపత్రమును అడిగెను. అవి అదృష్టవశమున నా జేబులోనే యున్నవి.

తనిఖీ చోట మఱియొక పరీక్ష. అచ్చటివారు గోంగూర సీసాను దీసి ప్రక్కన బెట్టిరి. కారము, నూనె గల పచ్చడి చేతిసంచిలో రాదనిరి. వెనుకకు బోయి ఎవరికైన నిచ్చుటకు వేళ లేదు. దానిని అచ్చటనే విడిచితిని. ఈ సంగతి మా వదినగారితో నేను చెప్పలేదు. ఈ ప్రసంగము విన్నచో వారికి దెలియును, క్షమింపగలరని నమ్ముచున్నాను.

ప్రయాణమంతయు ఆ అమ్మాయి చూపిన మర్యాదను, నాకు గలిగిన అవమానమును దలపోయుచునే యుంటిని. ఆమె తప్పు చేయలేదు. నేనును తప్పు చేయలేదు. మఱి అవమానమెక్కడనుండి వచ్చినది? ఇంటికి వచ్చిన పిమ్మట మా అల్లునిచేత నియమములను జదివించుకొని, తెలిసినవారి నడిగి, కొంత గ్రహించితిని. దానినే తమకు నివేదించుచున్నాను.

మొదట, ఈ నియమమేల కలిగెను? నూటయెనుబదిమంది కూర్చుండు విమానమును దీసికొందము. ఒక్కొక్కరికి 7 కిలోల సంచి చొప్పున 1,260 కిలోలగును. తలకొక కిలో అధికమైనచో 180 కిలోల భారము పెఱుగును. భారము పెఱిగినకొలది ఇంధనము ఖర్చగును. నా వెనుక నిలిచిన పెద్దమనుష్యుని గూర్చి నేను వేసిన ప్రశ్నకును ఇచ్చటనే సమాధానము గలదు. ప్రయాణికుల నొక్కొక్కరినే తూచుట లేదు. లావువారు, సన్ననివారు కలిసియుందురు గనుక, తలకింతయని యొక సగటు వేసికొందురు. ఆ సగటులో చేతిసంచియు గలిసియే యుండును. సంచికి మితి లేకున్నచో ఆ లెక్కయే తప్పును.

రెండవది స్థలము. సంచులను బెట్టు అరలు తలపైన నుండును. అవి యందఱికిని ఉమ్మడి. ఒకడు రెండు పెట్టెలు దెచ్చినచో వెనుక వచ్చిన ముసలమ్మ సంచికి చోటుండదు. ఇది చెఱువు నీటివంటిది. తూము దగ్గఱివాడు మితిమీఱి పెట్టుకొన్నచో చివరి మడి యెండును. మన చిన్న ఊళ్లకు వచ్చు డెబ్బదియెనిమిది సీట్ల ఏటీఆర్ విమానములలో ఈ అరలు మఱింత చిన్నవి. అందు బట్టని సంచిని మెట్లయొద్దనే తీసికొని క్రిందిగదిలో వేయుట కలదు.

మూడవది కాలము. చౌక విమానసంస్థ బ్రదుకంతయు విమానమును నేలపై నిలువనీయకుండుటలో నున్నది. దిగినది మొదలు మరల లేచువఱకు అరగంట మాత్రమే నిలుపవలెనని వారి ప్రయత్నము. ఒకే విమానము దినమునకు పలు ఊళ్లు తిరుగవలెను. ఒక్కడు పట్టని పెట్టెను అరలో గ్రుక్కుచు పది నిమిషములు త్రోవ గట్టినచో, ఆ యాలస్యము సాయంకాలపు ప్రయాణికునివఱకు బాఱును.

నాల్గవది ధనము. దీనిని దాచవలసిన పని లేదు. చౌక టిక్కెట్టు మనుష్యునికి మాత్రమే. మూటకు వేఱు వెల. మన దేశమున 2021 ఫిబ్రవరిలో పౌరవిమానయాన అధికారులు, సామాను లేనివారికిని, చేతిసంచి మాత్రమే గలవారికిని ధర తగ్గించి టిక్కెట్టు అమ్ముటకు అనుమతి నిచ్చిరి. మా అల్లుడు గొన్న టిక్కెట్టు అట్టిదే.

ఇచ్చట నొక ధర్మసందేహము గలదు. చేతిసంచి ప్రయాణికుని యంగమా, లేక సరుకా? ఈ వాదము విదేశములలో న్యాయస్థానముల కెక్కినది. అమెరికాలో 2010లో స్పిరిట్ అను సంస్థ, తలపై అరలో బెట్టు సంచికి గూడ వెల గట్టెను. ఐరోపాలో ర్యాన్ఎయిర్ సంస్థ 2018 నవంబరునుండి, ముందు సీటు క్రింద బట్టునంతటి చిన్న సంచిని మాత్రమే ఉచితముగా నిచ్చి, దానికంటె పెద్ద సంచికి వేఱుగా రుసుము గొననారంభించెను. అంతకు పూర్వమే, 2014లో, ఐరోపా సమాఖ్య న్యాయస్థానము ఇట్లు తీర్పు చెప్పియుండెను: క్రిందిగదికి అప్పగించు సామానుకు వేఱుగా వెల యడుగవచ్చును, కాని చేతిసంచి, తగిన బరువు కొలతలకును రక్షణ నియమములకును లోబడినంతవఱకు, ప్రయాణమున తప్పనిసరి భాగము, దానికి అదనపు వెల గొనరాదు. 2024 నవంబరులో స్పెయిను ప్రభుత్వము, ఇట్టి రుసుములు మొదలగు వానికై ఐదు విమానసంస్థలకు దాదాపు 17 కోట్ల 90 లక్షల యూరోల జరిమానా విధించెను. సంస్థలు దాని కొప్పుకొనలేదు.

అనగా, ఆ తీర్పులో "తగిన" అను విశేషణముపైననే వివాదమంతయు నిలిచియున్నది. వ్యాకరణము చదివినవారు విశేషణమును దేలికగా జూడరాదని నేను బడిలో జెప్పుచుండువాడను.

మన దేశపు స్థితి ఇట్లున్నది. విమానరక్షణ అధికారుల నియమము ప్రకారము తలకొక్క చేతిసంచియే. సామాన్య తరగతిలో దాని బరువు 7 కిలోలు. ఇండిగోవారి కొలత పొడవు 55, వెడల్పు 35, మందము 25 సెంటీమీటర్లు. దానికి తోడుగా ఆడువారి చేతిసంచి గాని, ల్యాప్‌టాప్ సంచి గాని 3 కిలోలకు మించకుండ నొకటి వారు అనుమతింతురు. రెండును గలిపి ఏడే యను సంస్థయు గలదు. కావున ఎవరి విమానమో వారి నియమమునే చూచుకొనవలెను.

పెద్దల కొఱకు దీనిని పాతలెక్కలో జెప్పెదను. వీశె యనగా ఇంచుమించు కిలో నాలుగువందల గ్రాములు. కావున ఏడు కిలోలనగా సరిగా అయిదు వీశెలు. మూర యనగా పదునెనిమిది అంగుళములు, జేన యనగా తొమ్మిది. కావున సంచి పొడవు ఇంచుమించు మూరమీద నాలుగంగుళములు, వెడల్పు జేనన్నర మీద అరయంగుళము, మందము జేనమీద నొక యంగుళము మించరాదు. చక్రములు, పిడి కూడ ఈ కొలతలోనివే.

అధికారుల నియమములో కొన్ని వస్తువులు ఆ యొక్క సంచి లెక్కకు వెలియైనవి గలవు. అవి పెద్దలకు మిక్కిలి ఉపయోగకరములు. ఊతకఱ్ఱ, మడతగొడుగు, కప్పుకొను శాలువ లేక కంబళి, చదువుకొనుటకు తగుమాత్రపు పుస్తకములు, చంటిబిడ్డకు త్రోవలో బట్టవలసిన ఆహారము, నడువలేనివారి మడత చక్రాలకుర్చీ, త్రోవలో వలయు మందులు. నియమము కఠినమైనదే కాని, దయమాలినది కాదు. ఆ దయ యెచ్చట వ్రాయబడినదో మనకు జెప్పువారు లేకపోవుటయే కొఱత.

మనవారు తఱచుగా దెచ్చి పోగొట్టుకొను వస్తువులను గూర్చి గూడ జెప్పవలెను. పచ్చడి, నేయి, నూనె, కారము - ఇవి చేతిసంచిలో వలదు. క్రిందిగది సామానులో గట్టిగా గట్టి వేయుడు. విదేశములకు బోవునప్పుడు ద్రవపదార్థమేదైనను 100 మిల్లీలీటర్లకు మించని సీసాలలోనే యుండవలెను. 2006లో ఇంగ్లాండునందు, ద్రవరూపమైన ప్రేలుడు పదార్థములతో విమానములను గూల్చు కుట్ర బయటపడినప్పటినుండి ఈ నియమము వచ్చినది. కత్తి, కత్తెర, అగ్గిపెట్టె, కర్పూరము మొదలగునవి చేతిసంచిలో బెట్టరాదు. అగ్గిపెట్టె, కర్పూరము క్రిందిగదిలోను వేయరాదు. ఫోనుకు విద్యుత్తు నెక్కించు పవర్‌బ్యాంకు మాత్రము దీనికి విరుద్ధము. అది చేతిసంచిలోనే యుండవలెను, క్రిందిగదికి బంపరాదు. అది నిప్పంటుకొన్నచో పైనున్నవారు చూచి యార్పగలరు, క్రింద జూచువారుండరు.

కొబ్బరికాయ మాట గూడ నొకటి. 2024 అక్టోబరులో, మన శ్రీకాకుళము వారైన పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామమోహననాయుడుగారు, శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను చేతసామానులో దీసికొనిపోవుటకు 2025 జనవరి 20వ తేదివఱకు అనుమతి ప్రకటించిరి. ఇరుముడిని స్వామి తలనుండి దింపి క్రిందిగదిలో వేయుమనుట ఎంత కష్టమో ప్రభుత్వము గ్రహించినదని దీనివలన దెలియుచున్నది. విన్నవించుకొన్నచో నియమము వంగుట కలదు. బల్లయొద్ద గలహించినచో వంగదు.

ఇక నా ముఖ్యమైన మాట. నా అవమానమునకు గారణమేమని యడిగితిని గదా! విచారింపగా నాకు దోచినదిది: టిక్కెట్టు గొనువాడొకడు, మూట మోయువాడొకడు. నియమములన్నియు గొనువాని ఫోనులో ఇంగ్లీషున నుండును. వాడు చదువక యొక గుఱుతు నొక్కి ముందునకు బోవును. మోయువాడు తెలియక పోయి త్రాసుముందు నిలువబడును. పూర్వము రైలు టిక్కెట్టు గొనువాడును, ఎక్కువాడును తఱచుగా ఒక్కడే. రెండవ తరగతిలో 35 కిలోలు, స్లీపరులో 40 కిలోలు ఉచితము గనుక అచ్చట చేతిమూట బరువు నెవ్వరును దలపరు. ఆ యభ్యాసముతోనే మనము విమానమెక్కుచున్నాము.

కావున పెద్దలారా, బిడ్డ టిక్కెట్టు కొనినానని చెప్పినప్పుడు ధర యెంతయని యడిగి యూరకొనకుడు. నాలుగు ప్రశ్న లడుగుడు. చేతిసంచి యెన్ని కిలోలు? రెండవ చిన్నసంచి కలదా? క్రిందిగదికి సామాను కలదా, ఉన్నచో నెన్ని కిలోలు? అధికమైనచో ముందుగా ఇంటివద్దనుండియే కట్టవలసిన రుసుమెంత? విమానాశ్రయమున గట్టుదానికంటె ముందుగా గట్టునది సాధారణముగా దక్కువ. బిడ్డలు విసుగుకొన్నను వారిచేత జదివించి, తెలుగున నొక కాగితముపై వ్రాయించుకొనుడు.

పిమ్మట ఇంటివద్దనే తూచుకొనుడు. వ్రేలాడదీసి తూచు చిన్న త్రాసు బజారులో స్వల్పధరకు దొరకును. లేకున్న ఊరి కొట్టులో ధాన్యము తూచు త్రాసున్నది గదా! ఖాళీ పెట్టెను మొదట దూచుడు. మా మనుమడిచ్చిన చక్రాలపెట్టె ఖాళీగానే మూడు కిలోలున్నదని పిదప దెలిసినది. అనగా నా ఏడు కిలోలలో మూడింటిని వట్టి పెట్టెయే తినివేసినది. గుడ్డసంచి అరకిలోయైనను ఉండదు. మన తాతలు కాశికి గుడ్డమూటతోనే పోయిరి. వారికి విమానము తెలియకున్నను తూనిక తెలిసినది.

విమానసంస్థలకును ఒక విన్నపము. మీ నియమము న్యాయమైనదే కావచ్చును. కాని దానిని ప్రయాణికుడు బయలుదేఱక ముందే, వాని భాషలో, వానికే తెలుపుడు. టిక్కెట్టుతోబాటు తెలుగున రెండు పంక్తులు పంపుటకు మీకు ఖర్చు లేదు. త్రాసుముందు తెలుపబడిన నియమము జరిమానావలె దోచును. ఇంటివద్ద దెలిసిన నియమము సలహావలె దోచును.

ఆనాటి మధ్యాహ్నము నేను కాశి చేరితిని. మఱునాటి యుదయమున మా యన్నగారి యస్థికలను గంగలో గలిపితిని. చెంబు ఖాళీయైన పిమ్మట దానిని చేత బట్టుకొని మెట్లపై గూర్చుంటిని. జీవితమంతయు మోసినవానిలో మా యన్నగారు తమతో గొనిపోయినది సున్న యని అప్పుడు తోచినది. ఏడు కిలోలును మనకు ఎక్కువే కాబోలు. ఐనను, తిరుగు ప్రయాణమున శాలువ మాత్రము భుజముపైననే వేసికొంటిని.